తెల్లబట్టే కదా అనుకున్నాను: ముప్పయ్యో వారంలో నా అనుభవం

2023 ఆగస్టు 13, ఆదివారం. సాయంత్రం వాకిట్లో కూర్చున్న దాన్ని లేచేసరికి లంగా వెనక తడి తగిలింది. నాకు అప్పటికి గర్భం 30 వారాల ఒక రోజు. రెండు రోజుల ముందే హైదరాబాద్ నుంచి సత్తుపల్లి దగ్గర మా అమ్మావాళ్ళ ఊరికి వచ్చాను. తొలి కాన్పు కదా, ఏడో నెల దాటకముందే తీసుకొచ్చుకోవాలని అమ్మ పట్టుబట్టింది. అధిక శ్రావణం నడుస్తోంది కాబట్టి శ్రీమంతం మాత్రం తొమ్మిదో నెలకు పెట్టుకున్నారు. దానికి గాజులు మాత్రం ముందుగానే కొని పెట్టారు.

తడి చూసి నేను పెద్దగా కంగారు పడలేదు. నాలుగో నెల నుంచీ తెల్లబట్ట అవుతూనే ఉంది. పాలలా పల్చగా, వాసన లేకుండా, దురద లేకుండా ఉంటే అది మామూలేనని హైదరాబాద్‌లో చెకప్‌లో మేడమ్ చెప్పారు, గర్భంతో ఉన్నప్పుడు అది ఎక్కువవుతుందట. అదే మాట పట్టుకుని ఉండిపోయాను. కానీ అంతకు రెండు వారాల ముందు నుంచే అది పాలలా లేదు. కొంచెం బూడిద రంగు, చేపల వాసన లాంటి వాసన. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. శుభ్రంగా లేనేమో అనుకుని రోజూ వేడినీళ్ళలో యాంటీసెప్టిక్ ద్రావణం కలిపి కడుక్కున్నాను. అది ఎంత తప్పో తర్వాత తెలిసింది.

ఆ రాత్రి పొత్తికడుపులో నొప్పి మొదలైంది. నెలసరి వచ్చే ముందు రోజు ఉంటుందే, సరిగ్గా అలా, లోపల ఎవరో మెల్లగా లాగుతున్నట్టు, నడుం కింది భాగమంతా బరువుగా. తెల్లారేసరికి లంగా మళ్ళీ తడిసింది. ఈసారి జిగురు లేదు, నీళ్ళలా ఉంది.

సోమవారం పొద్దున హైదరాబాద్‌లో నేను చూపించుకునే ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఇక్కడ నేను ఏం మాట్లాడానో మాట మాటగా రాస్తాను, ఎందుకంటే అసలు విషయం ఇక్కడే ఉంది. "మేడమ్, కొంచెం తెల్లబట్ట అవుతోంది, కొంచెం నడుం నొప్పిగా ఉంది, ప్రయాణం చేసి వచ్చాను" అన్నాను. పక్కన నాన్న, తమ్ముడు ఉన్నారు. నీళ్ళలా వస్తోందని, లంగా మార్చుకోవాల్సి వచ్చిందని, వాసన వస్తోందని వాళ్ళ ముందు నోరు రాలేదు. అవతల ఎవరు మాట్లాడారో తెలీదు, "తెల్లబట్ట మామూలేనమ్మా, రెస్ట్ తీసుకోండి, నీళ్ళు బాగా తాగండి, ఎక్కువైతే దగ్గర్లో చూపించుకోండి" అన్నారు. నేను చెప్పిన దానికి వాళ్ళు చెప్పింది సరైన జవాబే. నేను చెప్పిందే సరిగ్గా లేదు.

అమ్మ వేడి చేసిందంది. మా వైపు తెల్లబట్ట అంటే వేడే, ఎక్కువైతే ఎముకలు కరిగిపోతున్నాయని కూడా అంటారు. బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు, మజ్జిగ వరసగా వచ్చాయి. మధ్యాహ్నం దగ్గర్లోని క్లినిక్‌కు తీసుకెళ్తే గ్యాస్ అని బిళ్ళలిచ్చారు, పొట్ట మీద చెయ్యి కూడా పెట్టలేదు. అమ్మ మీద నాకు కోపం లేదు, రాత్రంతా నా నడుం పట్టింది ఆవిడే. కానీ చలవ చేసే పనిలో ఒక రోజంతా పోయింది.

సోమవారం రాత్రి పదకొండు దాటాక నొప్పి తీరు మారింది. ఊరికే ఉండే నొప్పి కాదు, వస్తోంది, పోతోంది. వచ్చినప్పుడు పొట్ట మొత్తం రాయిలా గట్టిపడి, ఒక అర నిమిషానికి వదులుతోంది. దొంగ నొప్పులని విన్నాను కాబట్టి అటు తిరిగి ఇటు తిరిగి పడుకుని చూశాను, కాసేపు నడిచాను, నీళ్ళు తాగాను. దొంగ నొప్పులైతే అలా చేస్తే తగ్గుతాయి, వాటికి ఒక వరస ఉండదు. నాకు తగ్గలేదు. ఫోన్‌లో గడియారం చూస్తే పన్నెండు నిమిషాలకొకటి, తర్వాత పదికొకటి. రెండున్నరకు అమ్మను లేపాను. అమ్మ నా మొహం చూసి ఏమీ అడగకుండా చెప్పులేసుకుని మా ఊరి ఆరోగ్య కార్యకర్త ఆశా అక్క ఇంటికి పోయింది.

ఆ అక్క వచ్చి మంచం పక్కన కూర్చుని మగవాళ్ళను బయటికి పంపి అడిగిన ప్రశ్నలు నేను ఎప్పటికీ మర్చిపోను. రంగేంటి? నీళ్ళలానా, చీమిడిలానా, పెరుగు విరిగినట్టా? వాసనుందా? దురదుందా? ఎరుపు కలిసిందా? దగ్గినప్పుడు వస్తోందా, పడుకుని లేవగానే వస్తోందా? ఎన్నిసార్లు బట్ట మార్చావు? బిడ్డ తిరుగుతోందా? మూత్రం పోసేటప్పుడు మంటుందా? రెండు రోజులుగా నా కడుపులోనే దాచుకున్నదంతా ఆ ప్రశ్నలతో అయిదు నిమిషాల్లో బయటికొచ్చింది. శుభ్రమైన తెల్ల ప్యాడ్ ఒకటి పెట్టుకోమంది, ఇకనుంచి ఏది తడిసినా పారేయకుండా పెద్ద డాక్టరుకు చూపించమంది. తల్లీబిడ్డల కార్డు తీసి ప్రమాద సూచనల పేజీ అమ్మకు చూపించింది. ఆ కార్డు నా సంచిలో అయిదు నెలలుగా ఉంది, టీకా తేదీలు తప్ప నేను అందులో ఏమీ చదవలేదు.

"ఏడు నెలలకు నొప్పులొస్తున్నాయి, ఇక్కడ కాదు, ఖమ్మం పోవాలె" అని తనే 108కి ఫోన్ చేసింది.

కల్లూరు, తల్లాడ, వైరా మీదుగా దాదాపు రెండు గంటలు. ఎడమ పక్కకు తిరిగి పడుకోబెట్టారు. తెల్లవారుతుండగా వైరా దాటుతుంటే కిటికీలోంచి స్కూలు పిల్లలు జెండాలు పట్టుకుని పోతూ కనిపించారు, అప్పుడు గుర్తొచ్చింది ఆ రోజు ఆగస్టు 15 అని. సెలవు రోజు డాక్టర్లు ఉంటారా అని అమ్మ ఒకటే టెన్షన్. కాన్పుల వార్డుకు సెలవు ఉండదని బండిలో ఉన్న అబ్బాయి చెప్పాడు.

పెద్దాసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ మొదట నా చివరి నెలసరి తేదీ, స్కాన్ల కాగితాలు చూసి వారాలు లెక్కేసింది. అన్నీ వారాల మీదే ఆధారపడి ఉంటాయట, ఏ మందు ఇవ్వాలన్నది కూడా. తర్వాత బిడ్డ గుండె చప్పుడు చూసే ఎన్‌ఎస్‌టీ పరీక్షకు పొట్టకు బెల్టులు కట్టారు. బిడ్డ గుండె చప్పుడు వినపడగానే ఏడ్చేశాను. కాగితం మీద ఒక గీత బిడ్డ గుండెది, రెండోది నా పొట్ట గట్టిపడటానిది, ఆ రెండో గీత ఎనిమిది తొమ్మిది నిమిషాలకోసారి కొండలా లేస్తోంది.

తర్వాత స్పెక్యులమ్, అంటే యోని లోపల చూడటానికి వాడే పరికరం, పెట్టి చూశారు. నొప్పిగా ఉండదు, చల్లగా ఇబ్బందిగా ఉంటుంది, గట్టిగా ఊపిరి వదులుతూ ఉంటే తేలికవుతుంది. దగ్గమన్నారు. ఉమ్మనీరు పోతుంటే దగ్గినప్పుడు లోపల్నుంచి కారడం కనపడుతుందట. ఒక చిన్న కాగితం ముక్కకు ఆ తడి అంటిస్తే రంగు మారింది. రంగు మారితే ఉమ్మనీరని అక్కడున్న నర్సింగ్ అమ్మాయి అనేసింది, నా ప్రాణం పోయినంత పనైంది. డాక్టరమ్మ వెంటనే "ఇన్ఫెక్షన్ ఉన్నా ఇలాగే మారుతుంది, ఒక్క దీన్ని బట్టి చెప్పలేం" అని అదే తడిని గాజు పలక మీద ఆరబెట్టి మైక్రోస్కోపులో చూసింది. ఉమ్మనీరైతే ఆరాక అందులో ఆకుల ఈనెల్లాంటి గీతలు కనపడతాయట. నాకు లేవు. స్కాన్‌లో కూడా ఉమ్మనీటి కొలత 11 సెంటీమీటర్లు ఉంది, అంటే సరిపడా ఉన్నట్టే. ఉమ్మనీటి సంచి పగల్లేదని తేలాకే చేత్తో పరీక్ష చేశారు, గర్భసంచి మూతి ఒక వేలు పట్టేంత తెరుచుకుంది. కింద నుంచి చేసే స్కాన్‌లో గర్భసంచి మూతి పొడవు 19 మిల్లీమీటర్లని వచ్చింది. 25 కంటే తగ్గితే పొట్టిదని అంటారట.

అంటే నీళ్ళలా వచ్చింది ఉమ్మనీరు కాదు. రెండు వారాలుగా నేను దాచిపెట్టుకున్న ఆ ఇన్ఫెక్షనే. దానికి తోడు మూత్రంలో కూడా ఇన్ఫెక్షన్ ఉంది, మంట లేకుండానే. ఈ రెండూ నొప్పులను ముందే లేపుతాయట. ఏ క్రిమో తేల్చే కల్చర్ రిపోర్టు రావడానికి మూడు రోజులు పట్టింది, ఈలోపే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు.

నన్ను చూడటానికి వచ్చిన అత్తయ్య మొహంలో, ఇన్ఫెక్షన్ అనే మాట వినగానే ఒక అనుమానం కనిపించింది, ఎక్కణ్ణుంచి వచ్చిందని. డాక్టరమ్మకు అది అర్థమైంది కాబోలు, మా అందరి ముందే చెప్పింది. ఇది ఎవరి దగ్గర్నుంచో అంటుకున్న రోగం కాదు, లోపల ఎప్పుడూ ఉండే మంచి క్రిములు తగ్గి మిగతావి పెరగడం, యాంటీసెప్టిక్‌తో, సబ్బుతో లోపలికి కడిగితే ఆ మంచివే ముందు చస్తాయి, మామూలు నీళ్ళు చాలు, అది కూడా పైపైన. ఆ మాట ఆవిడ నలుగురిలో చెప్పడం నాకు ఎంత మేలు చేసిందో ఆవిడకు తెలిసి ఉండదు.

సూదిమందు గురించి చెప్పాలి. డెక్సామెథసోన్, 12 గంటలకొకటి చొప్పున నాలుగు. నెలలు నిండకుండా పుట్టే బిడ్డ ఊపిరితిత్తులు తొందరగా పక్వానికి రావడానికి. 24 నుంచి 34 వారాల మధ్య ఇలా నొప్పులొస్తే ఇస్తారు. అది పనిచేయడానికి సమయం కావాలి కాబట్టి నొప్పులను 48 గంటలపాటు నెమ్మది చేయడానికి నిఫెడిపిన్ బిళ్ళలు. "ఈ బిళ్ళలతో నెలలు నిండేదాకా ఆపుతామని అనుకోకమ్మా, ఆ నాలుగు సూదులు పడేదాకా ఆపితే చాలు" అని ముందే చెప్పారు. అలా చెప్పడం మంచిదైంది, లేకపోతే నేను ఇంకేదో ఆశ పెట్టుకునేదాన్ని. నిఫెడిపిన్‌కు తలనొప్పి విపరీతంగా వచ్చింది, మొహమంతా ఆవిర్లు. అందుకే మాటిమాటికీ వచ్చి బీపీ చూసి వెళ్ళేవాళ్ళు. రెండో సూది తర్వాత బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించి భయపడితే, మళ్ళీ ఎన్‌ఎస్‌టీ పెట్టి, ఈ మందుకు ఒకటి రెండు రోజులు అలా ఉంటుందన్నారు. అయినా తగ్గాయనిపిస్తే చెప్పకుండా ఉండొద్దన్నారు.

గురువారానికి నాలుగో సూది కూడా అయిపోయింది. నొప్పులు గంటకొకటి, తర్వాత పూటకొకటి. ఇంకో రెండు రోజులు ఉంచి ఆదివారం పంపించారు.

ఆ రోజుల్లో నన్ను లోపల తినేసిన ఆలోచన ప్రయాణం గురించి. బస్సులో ఆరు గంటలు కూర్చుని రాకపోతే ఇలా అయ్యేది కాదని. ఫోన్‌లో మా ఆయన కూడా ఒకసారి అదే అన్నాడు, అన్నాక బాధపడ్డాడు. వెళ్ళేటప్పుడు డాక్టరమ్మను అడిగాను. "ప్రయాణం వల్ల కాదు. ఇన్ఫెక్షన్ అంతకుముందు నుంచే ఉంది, నువ్వు హైదరాబాద్‌లోనే ఉన్నా నొప్పులు వచ్చేవి" అంది. ఎన్నిసార్లు ఆ మాట మనసులో చెప్పుకున్నానో.

ఇంటికొచ్చాక మంచం దిగనివ్వలేదు. డాక్టరమ్మ పూర్తిగా పడుకోమని చెప్పలేదు, అలా కదలకుండా ఉంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందని, బరువులు ఎత్తకుండా, భార్యాభర్తలు కలవకుండా ఉంటే చాలని, ఇంట్లో మెల్లగా తిరగమనే చెప్పింది. ఎంత చెప్పినా అమ్మ వినేది కాదు. దానికి ఒక కారణముంది. మావైపు ఏడో నెలలో పుడితే బతుకుతుంది, ఎనిమిదో నెలలో పుడితే బతకదు అని ఒక నమ్మకం. ఆగస్టు సగం దాటాక నాకు ఎనిమిదో నెల. అత్తయ్య ఫోన్ చేసిన ప్రతిసారీ "ఈ నెల గట్టెక్కితే చాలు తల్లీ" అనేది. ఆ మాట నిజం కాదని, కడుపులో ఒక్కో వారం పెరిగే కొద్దీ బిడ్డకు అంత బలమని ఆశా అక్క వచ్చి చెప్తే వినేవాళ్ళు, తను వెళ్ళాక మళ్ళీ మొదలు. నాకు లోపల భయం లేదని చెప్పను. కానీ ఆ నమ్మకం నన్ను రాత్రుళ్ళు నిద్రపోనివ్వలేదు, దాని వల్ల ఎవరికీ ఒక్క ఉపకారం కూడా జరగలేదు.

సెప్టెంబరు 13, తెల్లవారుజామున నాలుగు. 34 వారాల 4 రోజులు. పక్కకు తిరిగాను, లోపల ఏదో చిన్నగా టప్‌మన్నట్టు అనిపించింది, వెంటనే వెచ్చగా నీళ్ళు. ఈసారి నాకు అనుమానమే లేదు. ఆపుకుందామన్నా ఆగదు, మూత్రానికీ దీనికీ తేడా అదే. ప్యాడ్ పెట్టుకుని లైటు కింద చూశాను, రంగు లేదు, వాసన లేదు. ఆకుపచ్చగా ఉంటే బిడ్డ లోపల మలవిసర్జన చేసినట్టని, ఆ సంగతి ముందే ఫోన్‌లో చెప్పాలని వార్డులో సిస్టర్ చెప్పిన మాట గుర్తుంది. టైం కాగితం మీద రాసుకున్నాను. 108కి నేనే ఫోన్ చేశాను, నాన్న పక్కనే నిలబడి ఉన్నాడు, "ముప్పై నాలుగు వారాలు, నాలుగింటికి ఉమ్మనీరు పోయింది, రంగు లేదు, బిడ్డ కదులుతోంది, పోయిన నెల నొప్పులొచ్చి సూదులు పడ్డాయి" అని గట్టిగా చెప్పాను. నాన్న తల దించుకోలేదు. సంచి తెచ్చి బండిలో పెట్టాడు.

సాయంత్రం ఆరున్నరకు మామూలు కాన్పు అయింది. పాప, 2 కిలోల 100 గ్రాములు. ఏడ్చింది, కానీ పిల్లి కూనలా సన్నగా. ఊపిరి తీసుకునేటప్పుడు మూలుగుతోందని అప్పుడే పుట్టిన జబ్బు పిల్లల్ని ఉంచే ఎస్‌ఎన్‌సీయూ వార్డుకు తీసుకెళ్ళి ఒకరోజు ఆక్సిజన్ మీద ఉంచారు. ఊపిరితిత్తులు ఆ మాత్రమైనా పనిచేయడానికి ఆగస్టులో పడ్డ సూదులు సాయం చేసి ఉంటాయని పిల్లల డాక్టరు చెప్పారు. మూడో రోజు పచ్చకామెర్లు, రెండు రోజులు నీలం లైటు కింద. పాలు చప్పరించి, మింగి, ఊపిరి తీసుకోవడం మూడూ ఒకేసారి చేయడం అప్పుడే నేర్చుకుంటున్న వయసు కాబట్టి మొదట్లో నేను పాలు పిండి ఇస్తే ఉగ్గుగిన్నెతో పట్టేవాళ్ళు. రెండున్నర గంటలకోసారి, రాత్రీ పగలూ. మొదటి రోజు నాకు అయిదు చుక్కలు వచ్చాయి. ఆ అయిదు చుక్కలూ పారేయకుండా తెమ్మన్నారు.

వినాయక చవితి ఆసుపత్రిలోనే గడిచింది. ఆ రోజు మధ్యాహ్నం మొదటిసారి పాపను బట్టల్లేకుండా నా గుండెల మీద పడుకోబెట్టి పైన దుప్పటి కప్పారు. గంటసేపు. బయట ఎక్కడో డప్పులు. నా ఒంటి వేడికి దాని ఊపిరి నెమ్మదించడం నాకే తెలిసింది. 22న ఇంటికొచ్చాం. నాలుగో వారంలోపు కళ్ళ పరీక్ష చేయించమన్నారు, నెలలు నిండని పిల్లలకు, అందులోనూ ఆక్సిజన్ పెట్టిన పిల్లలకు కంటి లోపల వెనక పొరలోని రక్తనాళాల్లో తేడా రావచ్చట. చేయించాం, బాగానే ఉన్నాయి. బోర్లా పడటం, కూర్చోవడం పక్కింటి పిల్లలకంటే ఆలస్యమైతే మొదట్లో భయపడేదాన్ని. పుట్టిన తేదీ నుంచి కాదు, అసలు డేటు అక్టోబరు 21 నుంచి లెక్కపెట్టి చూడమన్నారు, అలా చూస్తే అన్నీ వేళకే జరిగాయి.

తొమ్మిదో నెలకు కొన్న గాజులు అమ్మ బారసాల రోజు నా చేతులకు తొడిగింది.

ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు నా ఫైలు మీద డాక్టరమ్మ ఒక వాక్యం రాసింది, నెలలు నిండకముందే కాన్పు అయింది, మళ్ళీ గర్భం వస్తే 16వ వారం నుంచే గర్భసంచి మూతి కొలవాలి అని. బీరువాలో చీరల పైనే ఉంటుంది ఆ ఫైలు. దాని లోపలి అట్ట మీద నేను పెన్నుతో ఆశా అక్క అడిగిన ప్రశ్నలన్నీ వరసగా రాసుకున్నాను. పోయిన నెల మా చిన్నాన్న కూతురు ఫోన్ చేసింది, ఆరో నెల. "అక్కా, కొంచెం తెల్లబట్ట అవుతోందే" అంది. మీ ఆయన పక్కనున్నా ఫర్లేదు, రంగేంటో చెప్పు అన్నాను.